గోరింట కంచె

1969 జూన్, గురువారం రాత్రి.

గడ్డి కోసి, కంచె కత్తిరించమని ఈరోజు మాలి ఏసోబును పిలిపించాను. మలక్‌పేటలో ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు నడుము ఎత్తున్న గోరింట కంచె ఇప్పుడు నా తల దాటింది. మాది గుంటూరని, ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలైనప్పటి నుంచి మా ఆయన నన్ను గేటు దాటనివ్వడం లేదు. కనీసం రోడ్డయినా కనిపిస్తుందని నా ఆశ.

ఏసోబు గడ్డి కోశాడు గానీ కంచె జోలికి పోలేదు.

"గింత ఎత్తు ఉండనియ్యిండ్రి అమ్మా. గిప్పుడు కోస్తే లోపలోళ్లు ఔపడ్తరు" అన్నాడు.

"నాకు ఊపిరాడటం లేదు, కొట్టెయ్యి" అన్నాను. తల వంచుకుని కత్తెర అందుకున్నాడు.

రెండు మూరలు కోశాడో లేదో, జెండాలు పట్టుకుని పోతున్న కుర్రాళ్ళు ఆ సందులోంచి నన్ను చూసి ఆగారు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడొకడు.

నేను నోరు తెరిచేలోపే ఏసోబు అడ్డం వచ్చాడు. "మా నల్లగొండోళ్లే బిడ్డా. అమ్మకు మాటలు రావు. పోండ్రి."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఏసోబు కత్తెర కింద పెట్టాడు. "దేవుడు మన్నించాలె" అని గొణుక్కుంటూ, కోసినచోట తడిక కట్టి వెళ్ళాడు.

మా ఆయనకు ఇదేమీ చెప్పలేదు. చెబితే వరండాలోకి కూడా రానివ్వరేమో.

సాయంత్రం పాలావిడ గేటు దగ్గర నిలబడి ఎన్ని గ్లాసులు పొయ్యాలని అడిగింది. రోడ్డు మీద ఎవరైనా నా యాస వింటారేమోనని రెండు వేళ్ళు చూపించాను.