ఒక చిరునామా, ఒక కుటుంబం

నవంబరు 2

నాన్న ఉద్యోగం బీమా కంపెనీ డేటాబేస్‌ను కాపాడటం. శనివారాలను మాత్రం చర్చి నేలమాళిగలోని ఫుడ్ షెల్ఫ్‌కు ధారపోస్తాడు. అక్కడ ఉచితంగా సరుకులు తీసుకునేవారి వివరాలు దాచే డేటాబేస్ కూడా ఆయన తయారుచేసినదే. సెప్టెంబరులో అందులో ఒక నియమం పెట్టాడు: ఒక చిరునామాకు నెలకు ఒక్కసారే. ఒకే వివరం రెండుసార్లు కనబడటం ఈ వృత్తివారి దృష్టిలో పాపం.

ఈ ఉదయం డెల్ఫినా అనే ఆమెను వెనక్కి పంపారు. ఇద్దరు పిల్లలు. ఊరి చివర ట్రైలర్ పార్కులో, చవక చక్రాల ఇళ్ల మధ్య నివాసం. ఈ నెల సరుకులు ఇచ్చేసినట్టు తెర మీద వచ్చింది. నేనింకా ఏం తీసుకోలేదమ్మా, కావాలంటే చూసుకోండి అని ఆమె ఖాళీ సంచి తిరగేసి చూపింది. కంప్యూటరుకు నీ మీద పగేముంటుంది తల్లీ, వచ్చే నెల రా అని ఫుడ్ షెల్ఫ్ పెద్ద మార్లిస్ నవ్వుతూనే సాగనంపింది.

నవంబరు 3

నాన్న తప్పు కనిపెట్టాడు. పార్కులోని ట్రైలర్లన్నింటికీ చిరునామా ఒకటే; ఉత్తరాలన్నీ గేటు దగ్గరి ఆఫీసుకే వస్తాయి. కనుక నెలలో ముందు వచ్చినదే కుటుంబం. మిగతావన్నీ నకళ్లు.

గంట పనే, సరిచేసేస్తా అన్నాడు. అని, సెప్టెంబరు నుంచి వెనక్కి పంపినవారి జాబితా ముందేసుకుని కూర్చున్నాడు.

నవంబరు 7

ఫుడ్ షెల్ఫ్ కమిటీ సమావేశం. నియమం మార్చడానికి నాన్న అనుమతి అడిగాడు. మార్లిస్ కాఫీ పోస్తూ, నీ పుణ్యమా అని వరుస సగమైంది రోలండ్, దాతలూ మెచ్చుకున్నారు, బాగున్నదాన్ని ఎందుకయ్యా కెలుకుతావు అంది.

నేను లేచాను. నియమం కొలవవలసినది ఆకలిని, తపాలా పెట్టెలను కాదన్నాను. ఆధారాలు చూపాను. ఎవరూ ఖండించలేదు. కాలేజీ వాదపోటీల వేదిక మీద నాకు ప్రత్యర్థి ఉంటాడు, అతణ్ణి ఓడించవచ్చు. తలలూపుతూ కేకు పంచేవారిని ఏ తర్కంతో ఓడించాలి? కోశాధికారి ఆర్విడ్ మాత్రం, పిల్ల భలే దంచుతుందయ్యా రోలండ్, లాయరు చదివించు అన్నాడు.

వసంతంలో ఆలోచిద్దామని తీర్మానం. ఆకలి అప్పటిదాకా ఆగాలి.

నవంబరు 8

నాన్న అనుమతి లేకుండానే సరిచేశాడు.

నవంబరు 9

మార్లిస్ పాస్‌వర్డ్ మార్పించింది. పాత నియమం తిరిగి వచ్చింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో రోలండ్, రేపు ప్రార్థన అయ్యాక అందరి చేతా నీకు చప్పట్లు కొట్టిస్తా అని ఫోన్ చేసింది.

నవంబరు 10

కొట్టించింది.

నవంబరు 16

డేటాబేస్ కోరేది వేరే చిరునామా, అంతేగా అన్నాడు నాన్న. డెల్ఫినాకు మా ఇంటిది ఇచ్చాడు. పార్కులోని మిగతా కుటుంబాల కోసం మా వీధిలో తలుపులు తట్టి చిరునామా అరువడిగాడు. నేనూ వెంట వెళ్లాను. తలుపు తీసినవారందరూ ఆదివారం చప్పట్లు కొట్టినవారే. ఒకాయన పన్నులవాళ్లతో పేచీ వస్తుందేమో అన్నాడు. ఒకామె, అలాంటివాళ్ల పేర్లు ఇంటి మీద పడితే రేపు అమ్ముకునేటప్పుడు ధర పడిపోదూ అని అడిగింది. నేను నోరు తెరవబోయాను. ఊరుకోవే, మనం ఇక్కడే బతకాలి అని నాన్న నా మోచేయి పట్టుకున్నాడు.

ఆ మాటకు ఆయనను ఇంకా క్షమించలేదు. వీధిలో ఒక్క ఇల్లూ దొరకలేదు.

నవంబరు 23

డెల్ఫినాకు సరుకులు ఇచ్చారు. రోలండ్ ఇంట్లో దిగావా, మంచిదే అంటూ మార్లిస్ స్వయంగా సంచి నింపిందట. అన్నీ తెలిసే నింపింది.

నవంబరు 24

ఫుడ్ షెల్ఫ్ లెక్కలో మా ఇంట్లో కాపురముంటున్నది డెల్ఫినా, ఆమె పిల్లలు. ఒక చిరునామాకు ఒకే కుటుంబం. నాన్నా నేనూ లేము. లేని మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని భోంచేశాం.