గీత గ్యాప్ సర్టిఫికెట్

కొత్తగూడ మండలం, తండా నుంచి

డిగ్రీ అధ్యయన కేంద్రం సూపరింటెండెంట్ జయపాల్ గారికి, నలభై నాలుగేళ్ల గీత నమస్కరించి రాయునది.

బి.ఏ. సీటుకు దరఖాస్తు పంపాను. పోడు భూమి పట్టా కోసం ఆఫీసుకు పోయినప్పుడల్లా "సదువుకున్నోళ్లను తోల్కరా పో" అంటున్నారు. ఎవరినో బతిమాలి తోల్కపోవడమెందుకు? నన్ను నేనే తోల్కపోదామని ఈ చదువు.

ఇట్లు, గీత

తా.క. వయసు 44 అని సరిగ్గానే రాశాను. మీ గుమస్తా 14 అని దిద్దాడట. మళ్లీ 44 చేయించండి.

*

శ్రీమతి గీతకు,

ఇంటర్ తర్వాత ఇరవై ఆరేళ్లు చదువు లేదు. గ్యాప్ సర్టిఫికెట్ కావాలి. నమూనా: "ఈ కాలంలో నేను ఏ పనీ చేయక ఖాళీగా ఉన్నాను." సంతకం చేసి గడువులోగా పంపాలి. లేనిచో సీటు లేదు.

భవదీయుడు, జయపాల్

తా.క. వాక్యం మార్చరాదు. ఫోన్ చేయరాదు. ఏదైనా పోస్టులోనే.

*

జయపాల్ సారుకు, మండిపోతున్న గీత దండాలు.

ఖాళీగానా? నేనా? పోడు దున్నిందెవరు, మిర్చి ఏరిందెవరు, బర్రెను సాకిందెవరు, మా అత్త రుక్కి మంచాన పడితే ఎత్తి దించిందెవరు? అదే వంట హోటల్లో మగాడు చేస్తే మాస్టరు, ఇంట్లో ఆడది చేస్తే ఖాళీ! ఇరవై ఆరేళ్లు ఖాళీగా ఉన్న ఆడమనిషిని ఒక్కర్ని చూపండి. ఆమె కాళ్లు మొక్కి సంతకం పెడతాను. అబద్ధం మాత్రం రాయను.

ఇట్లు, ఖాళీ లేని గీత

తా.క. మా ఆయన దేవ్‌సింగ్ "మంచిగ రాసినవ్, నేను సుత సాచ్చెం జెప్త" అన్నాడు. మంచం మీదినుంచి లేవకుండానే.

*

శ్రీమతి గీతకు,

ఖాళీగా లేనని మీరే ఒప్పుకున్నందున మీరు ఉద్యోగస్తులని నిర్ధారించాం. కావున మీ సంస్థాధిపతి, అనగా మీ అత్తగారు రుక్కి గారి నుంచి అనుభవ పత్రం, అధికార ముద్రతో పంపాలి.

భవదీయుడు, జయపాల్

తా.క. బర్రె ఏ విభాగం కిందికి వస్తుంది?

*

జయపాల్ సారుకు, గీత రాయునది.

సంస్థాధిపతి పోయి నాలుగేళ్లయింది. పోయేముందు బియ్యం పెట్టె తాళంచెవి నా కొంగుకు కట్టి "ఇగ నువ్వే సూసుకోవాలె" అంది. అంటే ఇప్పుడు సంస్థాధిపతిని నేనే. గీత అనే ఉద్యోగి బాగా పనిచేసిందని గీత అనే నేను ధ్రువీకరిస్తున్నాను. ముద్ర అడిగారు. మా ఇంటి ముద్ర పిడకల మీద పడే అయిదు వేళ్లే. వేశాను.

ఇట్లు, సంస్థాధిపతి గీత

తా.క. కాగితం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

*

గౌరవనీయ సంస్థాధిపతి గీత గారికి,

ముద్ర అందింది. చేతులు కడుక్కున్నాం. అయితే పూర్తికాలం సంస్థాధిపతికి సీటిచ్చే నిబంధన లేదు. పదవి వదిలి, ఖాళీగా ఉన్నట్టు పాత నమూనాలోనే రాసిస్తే సీటు మీదే.

భవదీయుడు, జయపాల్

తా.క. ఒక్క సంతకం పెడితే ఏం పోతుందమ్మా? మా ఇంట్లో మా ఆవిడ సుజాత కూడా ఖాళీగానే ఉంటుంది.

*

జయపాల్ సారుకు, మాజీ సంస్థాధిపతి గీత రాయునది.

సోమవారం పొద్దున తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టాను. "గిదేంది?" అన్నాడు. "ప్రమోషన్" అన్నాను. పొయ్యి, బర్రె, కోళ్లు అన్నీ ఆయనవే. ఆయన మంచం నాది. మీ వాక్యం మార్చలేదు. 'ఈ కాలంలో' పక్కన మాత్రం 'సోమవారం నుంచి బుధవారం దాకా' అని నింపి సంతకం పెట్టాను. ఇప్పుడిది అబద్ధం కాదు.

ఇట్లు, ఖాళీగా ఉన్న గీత

తా.క. "గీ పనికి గ్యాపు ఎప్పుడొస్తదే?" అని దేవ్‌సింగ్ అప్పుడే అడుగుతున్నాడు.

*

గీతక్కకు,

సీటు ఇచ్చాం. ఆదివారం తరగతికి మిమ్మల్ని మీరు తోల్కరండి.

జయపాల్

తా.క. మీ ఉత్తరాలన్నీ సుజాత చదివింది. మా ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, మీ పక్క సీటుకే దరఖాస్తు చేసింది. గ్యాప్ సర్టిఫికెట్ అడిగే ధైర్యం లేక అడగలేదు. దేవ్‌సింగ్ అన్న నంబరు పంపండి. ఫోన్ చేయవచ్చు. ఇక్కడ అన్నం మాడుతోంది.