ఎదురుకాళ్లతో పుట్టినదాన్ని

సోమవారం రాత్రి, పుంగనూరు

మదనపల్లెలో నా నడుముకు ఆపరేషన్ చేసి నెల కూడా కాలేదు. సన్నటి గొట్టం పెట్టి, నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్క తీశారు. కాలి నొప్పి పోయింది. కుడి పాదానికి మాత్రం స్పర్శ లేదు. నరం చాలాకాలం నలిగింది, వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆపరేషన్ చెడిందంటారని ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఈరోజు కుప్పం నుంచి అత్త తమ్ముడు మునెప్ప చిన్నాయన నడుం పట్టేసిందని వచ్చాడు. కాళ్లు ముందు వచ్చి పుట్టినదాన్ని కదా, నేను తొక్కితే పట్టు వదులుతుందని చిన్నప్పటి నుంచీ అందరికీ నమ్మకం.

"నాదీ ఇట్లే మొదలైంది చిన్నాయనా, స్కానింగ్ తీయించుకో" అన్నాను.

నవ్వాడు. "నీ నడుం నువ్వే తొక్కుకోలేవు గాబట్టి కోయించుకున్యావు. నాకు నువ్వుండావు గదమ్మా!"

"గాటు గోరంత లేదు, కాలు పెడితే ఏమైతాది?" అంది అత్త.

చిన్నాయన బోర్లా పడుకున్నాడు. గోడ పట్టుకుని, ఎప్పటిలాగే కుడికాలు ఆయన నడుం మీద పెట్టాను. ఆనిందో లేదో కళ్లతో చూసుకోవలసి వచ్చింది. ఎంత బరువు వేశానో తెలియలేదు. "మెల్లిగమ్మా!" అని అరిచాడు.

తర్వాత తేలికైందంటూ నా తల నిమిరాడు. ఇన్నేళ్లలో నేను తొక్కినవాళ్లలో ఎందరిది ఉత్త పట్టు, ఎందరిది నరమో...

బస్టాండు దాకా వెళ్లాను. చిన్నాయన ఎడమకాలిని చేత్తో ఎత్తి బస్సు మెట్టు మీద పెట్టుకున్నాడు. పోయిన ఏడాది నేనూ అట్లాగే ఎక్కేదాన్ని.