వాన కేక తులసికి రాసిచ్చిన కాగితం

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో కాపురం ఉంటున్న, కీర్తిశేషుడు సూరాడ అప్పలసూరి భార్య సూరాడ కూర్మమ్మ అను నేను, నా తెలివి నా దగ్గరుండగా, నా నాలుక నా మాట వింటుండగా, ఎవరి బెదిరింపుకీ ఎవరి బతిమాలుటకీ లోబడక రాయిస్తున్న వీలునామా ఇది. నా వయస్సు డెబ్బై దాటింది. ఎంత దాటిందో రాసిపెట్టినవాళ్ళు లేరు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే దస్తావేజులు రాసే జగన్నాధం బాబు రాస్తున్నాడు. ఆయన ప్రతి మాటకూ తల దువ్వి బొట్టు పెడతాడు. కొన్ని మాటలు నా నోట్లోంచి పడ్డవి పడ్డట్టే ఉంచమని చెప్పాను.

ఇల్లూ నగలూ పంచడానికయితే నాకు ఇంత కాగితం అక్కర్లేదు. మా ఇసుక మీద వాన కేక నా తర్వాత ఎవరు వెయ్యాలో తేల్చడానికి ఇది రాయిస్తున్నాను. సిగ్గుతో రాయిస్తున్నాను. సిగ్గు అన్న మాట కొట్టెయ్యొద్దని బాబుకి రెండుసార్లు చెప్పాను.

1. రెండు గదుల ఇల్లు, ముందున్న పంచ, వెనకున్న కొబ్బరిచెట్టుతో సహా నా కొడుకు ధర్మేంద్రకు చెందవలెను. వాడు ఏడాదిలో ముప్పాతిక వంతు గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉంటాడు గనుక, వాడు లేనప్పుడు తాళంచెవి కోడలు తులసి దగ్గరే ఉండవలెను. తాళం అడిగే హక్కు ఆడపడుచుకు లేదు. ఆ ఆడపడుచు నా కూతురే. అయినా లేదు.

2. నా కమ్మలు, ముక్కుపుడక, ఇత్తడి బిందె, చేపలు కోసే కత్తిపీట నా కూతురు దేవికి. కత్తిపీట పాతదని మూలన పడెయ్యకే. అది నా చేతివాటానికి అరిగి ఉన్నాది, నీ చెయ్యి నా చెయ్యే.

3. మా మరిది లక్ష్ముడికి ఏమీ లేదు. మా ఆయన పోయిన ఏడు "ఓ పూట వాడుకొని ఇస్తానొదినా" అని పట్టుకెళ్ళిన వల ఇప్పుడు తిరిగి ఇవ్వనక్కర్లేదు. నా శవం దగ్గర గుండెలు బాదుకోనక్కర్లేదు కూడా.

4. ఇక పాటల డబ్బాలు. ఈ ఏడు వేట ఆగిన రోజుల్లో ధర్మేంద్ర వీరావల్ నుంచి వస్తూ రెండు నల్లటి చెక్క డబ్బాలు తెచ్చి, "అమ్మా, నీ చెవికి తగ్గవి తెచ్చినాను" అని నా ముందు పెట్టాడు. ఖరీదైనవి కావు. పుస్తకాల అరలో పెట్టుకునే స్పీకర్లట. మా ఇంట్లో పుస్తకాలూ లేవు, అరా లేదు. నాకిచ్చినవి గనుక నావే, నా ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకునే హక్కు నాకున్నది.

వాటి గుణం రాయిస్తున్నాను, తీసుకునేవాళ్ళు తెలిసి తీసుకోవాలి. మొదట టీవీకి తగిలించి గోడ గూట్లో పెట్టాము. డప్పు దుప్పటి కప్పుకొని కొట్టినట్టు వినిపించింది. గోడకి మూరెడు ఇవతలికి లాగి, రెండు స్టూళ్ళ మీద, కూర్చున్న మనిషి చెవి ఎత్తున పెడితే గొంతు విప్పాయి. టీవీ సొంత గొంతు ముక్కు పట్టుకొని మాట్లాడినట్టుంటుంది. వీటిలో పాడే మనిషి ఊపిరి పీల్చడం, పెదవి తడుపుకోవడం కూడా తెలుస్తాయి. రెండింటికీ నడుమ కూర్చుంటే ఆ మనిషి డబ్బాల్లో ఉండదు, నడుమ గోడలోంచి పాడుతుంది. అక్కడ మేకూ క్యాలెండరూ తప్ప ఏటీ లేదు. మొదటిసారి లేచెళ్ళి క్యాలెండరు ఎత్తి చూశాను. ధర్మేంద్ర నవ్వాడు.

సన్నాయి బాగుంటుంది గాని సౌండు పెంచితే కాగిన నూనెలో నీటిచుక్క పడ్డట్టు చెవిలో చిటపటమంటుంది. పెద్ద డోలు వస్తాది, దాని అడుగు రాదు. అంత చిన్న డబ్బాని అంత అడుగు అడగడం న్యాయం కాదు. పాత పాటలు పలచగా, శుభ్రంగా ఉంటాయి. సినిమాలో గొణుక్కునే ముసల్దాని మాట కూడా పొల్లుపోదు. సముద్రం మటుకు ఒట్టి మోసం. అల విరగడం వస్తాది, విరిగే ముందు ఊపిరి బిగబట్టడం రాదు. సముద్రాన్ని అబద్ధమని తేల్చాను గనుక ఇంకేదీ నన్ను మోసం చెయ్యదనుకున్నాను.

5. బయటి ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదివితే తెలియాలని మా వరస ఆచారం రాయిస్తున్నాను. ఇసుక మీద వరసగా తావులు పెట్టుకొని చేపలు ఆరబెట్టే ఆడోళ్ళకు వాన సంగతి చెప్పేది మా ఇల్లు. మా అత్త చెప్పేది, తర్వాత నేను. ఆకాశం చూసి కాదు, అది చూసేసరికి ఆలస్యమైపోతాది. చెవితో. వంశధార అవతల సరుగుడు తోటల మీద చినుకు పడితే ఆ చప్పుడు గాలికన్నా ముందు మాకు అందుతాది. నేను "వానో" అని కేకేస్తే ఎవరూ తల ఎత్తి చూడరు, ఉన్నవాళ్ళు ఉన్నట్టు చేపల మీదికి బరకాలు లాగుతారు. వరసలో మొదటి తావు మాకు ఇచ్చింది అందుకే.

డబ్బాలు వచ్చాక ఒక రోజు, ఇసుక కాలిపోతున్నాది. నెత్తళ్ళు సగం ఆరాయి. నేను తిని, గోడవైపు తిరిగి పడుకున్నాను. ధర్మేంద్ర సినిమా పెట్టుకున్నాడు. కిటికీ పక్క నుంచి, దూరంగా, ఆకుల మీద చినుకు. నేను చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి "వానో, వానో" అని అరిచాను. వరసంతా కప్పారు. ఆకాశం కడిగిన కంచంలా ఉన్నాది. ఒక్కరూ అనుమానపడలేదు.

ధర్మేంద్ర పొట్ట పట్టుకొని నవ్వుతూ వచ్చి అందరి ముందూ "ఓలమ్మా, అది డబ్బాలో వానే" అన్నాడు. అక్కడితో నేనూ నవ్వేస్తే అయిపోయేది. నాకు నవ్వు రాలేదు. "డబ్బా వాన వేరు, నేను విన్న వాన వేరు, తియ్యకండి" అన్నాను. పొద్దు వాలేదాకా తియ్యనివ్వలేదు. నా మాట గనుక తియ్యలేదు. ఆ ఎండలో బరకం కింద నెత్తళ్ళు ఉడుకెత్తి ముద్దయిపోయాయి. అందరివీ కోళ్ళ మేతకు పోయాయి. ఎక్కువ పోయింది నా పక్క తావు చిన్నతల్లికి. చేప తలకాయ కోసం కూడా నాతో జుట్టూ జుట్టూ పట్టుకున్న మనిషి ఆ సాయంత్రం ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే తిరిగి పది తిట్టి బతికేద్దును. అందరూ నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయారు. ఆ చూపులు నా వీపు మీద ఇంకా ఉన్నాయి.

6. నా కోడలు తులసిని గురించి. గజపతినగరం సంతకి ఎండుచేపలు పట్టుకెళ్ళి, నా కొడుకు ఈ గుంటను పట్టుకొచ్చాడు. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. వచ్చిన కొత్తలో కవళ్ళ చేపల వాసనకి ముక్కుకి కొంగు కట్టుకునేది. "వరిమళ్ళ గుంటకి ఇసుక మీద ఏటి పనే" అని నేనంటే దేవి నేర్చుకుంది, దేవి అంటే వరసంతా నేర్చుకుంది. ఆ మాటకు పుట్టిల్లు నా నోరే.

ధర్మేంద్ర తిరిగి వీరావల్ వెళ్ళిపోయాక, మొన్న దసరా దాటాక ఒక మధ్యాహ్నం, సినిమా ఆడుతున్నాది. వాన వినిపించింది. నేను కదల్లేదు. డబ్బాల వంక చూసి పళ్ళు కొరికాను. తులసి పొయ్యి దగ్గర నుంచి వచ్చి "అత్తా, వాన" అంది. "ఊరుకోయే, సినిమా" అన్నాను. "సినిమాలో పెళ్ళవుతున్నాదత్తా" అంది. "పెళ్ళిలో వాన పడకూడదేటి?" అన్నాను.

ఆ గుంట నాతో వాదించలేదు. వెళ్ళి ప్లగ్గు లాగి, వైరు కొస తెచ్చి నా మొహం ముందు పట్టుకుంది. డబ్బాలు నోరు మూసుకున్నాయి. వాన మూసుకోలేదు.

తులసి బయటికి పరిగెత్తి "వానో" అని అరిచింది. ఆడోళ్ళందరూ బరకం కొసలు చేత్తో పట్టుకొని, లాగకుండా, నా గుమ్మం వంక చూశారు. "కూర్మమ్మప్ప ఏటంటాది?" అని ఒకరు. "వరిమళ్ళ గుంటకి సముద్రం వాన ఏటి తెలుస్తాది" అని నా కూతురు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరిచాను. కేక రాలేదు. మళ్ళీ తప్పయితే ఎలాగ అన్న సిగ్గు ఆపేసింది. అలా నేను నోరు తెరుచుకొని నిలబడి ఉండగానే వాన ఇసుక మీదికి వచ్చేసింది. కవళ్ళన్నీ తడిసిపోయాయి, మావి కూడా. ఒక్క చిన్నతల్లివి తడవలేదు. ఆవిడ పొద్దున్నే చేపలు పరిచి వేరే ఊరు వెళ్ళింది. తులసి మా తావు దాటి వెళ్ళి, ఆవిడ చేపలు కప్పి, ఎగిరిపోకుండా బరకం మీద తనే కూర్చుంది.

డబ్బా నన్ను మోసం చేసిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. తప్పు. డబ్బా చెయ్యవలసిన పని బాగా చేసింది. మొదటిసారి నా పొగరు నన్ను చెరిపింది, రెండోసారి నా సిగ్గు. రెండుసార్లూ ఎండబెట్టిన చేప పోయింది. మూడోసారి పోకూడదు.

7. కావున నేను తేల్చినది. ఇసుక వరసలో మొదటి తావు, దానిమీది బరకాలు, తట్టలు నా కోడలు తులసికి చెందవలెను. ఆ తావుకి కాగితం లేదు. సర్కారు ఇసుక, మా ఆచారం. దేవీ, ఆ తావు నీదనుకున్నావు, నాకు తెలుసు. కడుపున పుట్టినదానికి ఇవ్వకపోవడం నాకు తేలిక కాదు. నీకు నా చెయ్యి వచ్చింది, చెవి రాలేదు. నా చెవికీ ఇప్పుడు ధైర్యం లేదు.

వాన కేక కూడా తులసిదే. ఇది నేను పోయాక కాదు, ఈ రోజు నుంచే. ఆ గుంట అరిస్తే నేను అరిచినట్టు. నా గుమ్మం వంక చూడడం మానెయ్యండి. ఎప్పుడైనా తప్పుతుంది. నేను తప్పితే ఊరుకున్నారు గనుక, అది తప్పినా ఊరుకోవలెను.

స్పీకర్లు తులసికీ ధర్మేంద్రకీ కలిపి ఇస్తున్నాను. రెండూ కలిసే ఉండాలి. కరెంటు ఒకదానికే, రెండోది దాని వైరు మీద బతుకుతాది, విడదీస్తే మూగది. ఉప్పుగాలి తగలకుండా గుడ్డ కప్పాలి. చేపలు ఇసుక మీద ఉన్నంతసేపూ వాన సినిమా పెట్టకూడదు. నేను పోయిన రోజున వాటిలో ఏడుపు పాటలు వెయ్యకూడదు. ఏడవాలని ఉన్నవాళ్ళు సొంత గొంతుతో ఏడవండి.

పెద్ద బరకం, కొత్తది, చిన్నతల్లికి. నెత్తళ్ళకి బదులు కాదు, వాటికి బదులు నా దగ్గర లేదు. ఈ కాగితంలో ఉన్నది జరిపించే బాధ్యత కూడా ఆవిడ మీదే పెడుతున్నాను. ఒప్పుకుంది. "బతికున్నన్నాళ్ళు తిట్టుకున్నాం, పోయాక నీ పని కూడా నాకేనా ఒదినా" అని ఒప్పుకుంది.

8. ఈ పేరా ముందు అనుకున్నది కాదు. పైది రాయించి వేలిముద్ర వెయ్యబోతుంటే బయట తులసి "వానో" అని అరిచింది. జగన్నాధం బాబు కలం ఆపి నా మొహం వంక చూశాడు. చదువుకున్న మనిషి, ఇప్పుడే తన చేత్తో రాసిన మనిషి, ఆయనా నా వంకే చూశాడు.

నేను విన్నాను. సముద్రం, కాకులు. నా చెవికి ఇంకేమీ అందలేదు.

లేచి ఇసుక మీదికి వెళ్ళాను. ఎండ ఉన్నాది. వరసంతా కొసలు పట్టుకొని నా వంక చూస్తున్నారు, దేవి కూడా. తులసి ఒక్కర్తే లాగుతున్నాది, చెవుల దాకా ఎర్రబడి. నేను ఎవరి వంకా చూడలేదు. వంగి బరకం రెండో కొస పట్టుకొని లాగాను. దేవి కాసేపు నిలబడి తన కొస లాగింది. ఆ తర్వాత వరసంతా లాగారు.

తిరిగొచ్చి కూర్చున్నాక, "వాన పడిందా లేదా, అది కూడా రాయమంటావా?" అని బాబు అడిగాడు. అది వీలునామాలో రాసే సంగతి కాదు అన్నాను.

పై ఎనిమిది పేరాలూ నాకు చదివి వినిపించగా విని, నేను చెప్పినట్టే ఉన్నవని ఒప్పుకొని, మార్చవలసినది ఏమీ లేదని ఈ వేలిముద్ర వేస్తున్నాను.

కళింగపట్నం, 2025 నవంబరు 19.

సూరాడ కూర్మమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
మైలపల్లి చిన్నతల్లి, వేలిముద్ర
కోనాడ గోవింద్, ఐసు దుకాణం, సంతకం

రాసినది: జగన్నాధం, దస్తావేజు లేఖరి