సాక్షి చిరునామా

అక్టోబరు 17

చెల్లాయి ఆర్డిస్,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి మళ్ళీ సొరుగులో పడేశాను. ఫోను చేస్తే పోయేది కదా అంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నేను దారి తప్పుతాను. కాగితం మీద దారి తప్పినా అడిగేవాళ్ళుండరు.

ఎరిజోనా ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నా, విస్కాన్సిన్ గోల నీకు టీవీలో వినిపిస్తూనే ఉంటుంది. ఈసారి కూడా మా రాష్ట్రం ఎటు తూగుతుందో తెలియదట. అందుకని రెండు పార్టీలవాళ్ళూ మా గుమ్మాలు అరగదీస్తున్నారు. నిన్న గంట తేడాలో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. మొదటావిడ నా చేతిలో తమ పార్టీ కాగితం ఒకటి పెట్టి వెళ్ళింది. రెండో ఆవిడ ఆ కాగితం చూసి, డాక్టరు రిపోర్టు చూసినట్టు మొహం పెట్టి, "ఆరోగ్యం జాగ్రత్తండీ" అని వెళ్ళిపోయింది.

ఇర్మా కాఫీ హోటల్లో మా పొద్దుటి బల్ల నీకు గుర్తుందిగా. పాల ట్యాంకరు తోలిన ముప్ఫై ఎనిమిదేళ్ళూ నేను కాఫీ తాగింది అక్కడే. ఇప్పుడది రెండు బల్లలైంది. కిటికీ పక్కన ఆ పార్టీవాళ్ళు, స్టవ్వు పక్కన మా పార్టీవాళ్ళం. కిందటి నెల అరుపులు భరించలేక ఇర్మా ఒక చట్టం చేసింది: పోటీ చేస్తున్నవాళ్ళ పేరెత్తినవాడు ఆ పూట అందరి కప్పులూ కడగాలి. కిటికీ బల్ల గోర్డీ మొదటిరోజే పదకొండు కప్పులు కడిగాడు. అప్పటినుంచి "మా వాడు", "మీ వాడు" అనే నడుస్తోంది. నీకూ అలాగే రాస్తాను. ఆ పేర్లు లేకుండా ఒక పూట గడవడం ఎంత హాయో నీకు తెలియదు.

"మీ వాడికి నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు" అన్నాడు గోర్డీ ఈ పొద్దున.

"మీ వాడు నిన్న చెప్పింది ఇవాళ చెప్పనే లేదంటాడు. ఏది నయం?" అన్నాను.

"కనీసం మా వాడు ఏది చెప్పినా గట్టిగా చెబుతాడయ్యా!"

"దూడ కూడా గట్టిగానే అరుస్తుంది గోర్డీ. అలాగని దానిచేత సంతకాలు పెట్టించం కదా."

వంటింట్లోంచి ఇర్మా అంది: "ఇన్ని కోట్లమందిలో మీ రెండు బల్లలకీ కలిపి ఒక్క బుద్ధిమంతుడు దొరకలేదేమయ్యా?" నిజం చెప్పాలంటే మా వాడు నాకూ పూర్తిగా నచ్చలేదు. మాట ఇస్తాడు, ఆ తర్వాత దానికి కొత్త అర్థం చెబుతాడు. అయినా టీవీలో వాళ్ళ వాడు కనబడితే రిమోటు వెతుక్కుంటాను. నచ్చిన మనిషి కోసం కాదు, నచ్చనివాడికి అడ్డంగా ఓటేస్తున్నాను. ఊళ్ళో సగంమంది లెక్క ఇదే.

ఇక మా బావ లాంబర్ట్ సంగతి. మా ఆవిడ లవాన్‌కి అన్న అయినందుకు కాదు గానీ, నేను పోయాక నా శవపేటిక మోయాల్సినవాళ్ళలో మొదటి పేరు వాడిదే రాసుకున్నాను. వాడి మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో నిచ్చెనేసుకుని, తన మనిషి ప్రచార బోర్డు పశువుల మేత దాచే గాదె గోపురానికి బిగిస్తూ కిందపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు ముందుగదిలో మంచం మీదున్నాడు. నర్సు మంగళవారాలు వస్తుంది. మిగతా రోజులు నేను బఠానీ సూపు పట్టుకెళ్తాను. సూపు తాగినంతసేపు వాడు మా వాణ్ణి తిడతాడు, గిన్నె కడిగినంతసేపు నేను వాళ్ళ వాణ్ణి తిడతాను.

మొన్న వాడి పోస్టల్ బ్యాలెట్ వచ్చింది. దానికో సాక్షి కావాలి. "బావా, ఈ ఇంటికి వచ్చేది నువ్వూ నర్సూ. ఆ పిల్ల పక్క రాష్ట్రం నుంచి వస్తుంది, దానికెందుకీ తలనొప్పి. నువ్వే పెట్టు సంతకం" అన్నాడు.

సాక్షి పని చాలా చిత్రమైంది ఆర్డిస్. ఓటేస్తుండగా నేను అక్కడే ఉండాలి, కానీ ఎవరికి వేస్తున్నాడో చూడకూడదు. కాబట్టి నేను గోడవైపు తిరిగాను. గోడ మీద లవాన్ ఫొటో ఉంది, కౌంటీ సంతలో ఆపిల్ పై ముక్క తింటున్న ఫొటో. వెనకనుంచి పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

"చెల్లి బతికుంటే అదీ మా వాడికే వేసేది" అన్నాడు లాంబర్ట్.

"దాని ఓటు సంగతి నీకేం తెలుసు?"

"నాకు చెప్పేది. నలభై ఏళ్ళుగా ప్రతిసారీ నీకు ఎదురు ఓటేసి నీ ఓటు కొట్టేసేది బావా. నీకు తెలియదా?" అని నవ్వాడు.

లవానూ నేనూ నలభై నాలుగేళ్ళు ఒకే బండిలో ఓటేయడానికి వెళ్ళాం ఆర్డిస్. నేను అడగలేదు, తను చెప్పలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను. ఇప్పుడు అది మర్యాదో, మూర్ఖత్వమో తేల్చుకోలేకపోతున్నాను. సంతకం పెట్టాను. సూపు గిన్నె అక్కడే మరిచిపోయి వచ్చేశాను.

నీ అన్న,
ఆరిన్

అక్టోబరు 28

ఆర్డిస్,

నీ జవాబు అందింది. "లవాన్ ఓటు లవాన్ ఇష్టం, దానికి నువ్వు కుమిలిపోవడం దేనికి" అని రాశావు. సరిగ్గానే రాశావు. కానీ నేను కుమిలిపోతున్నది అందుకు కాదు. కిందటి ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు.

రాసేముందు ఇంకో సంగతి చెప్పనీ. ట్యాంకరులోకి పాలు ఎక్కించుకునేవాడు ముందు పాల తొట్టి మూత తీసి వాసన చూడాలి, గుర్తుందా? వాసన తేడాగా ఉంటే ఆ పాలు తీసుకోకూడదు. ఎందుకంటే ఒక్క ఆవుల కొట్టంలో పాలు చెడితే, అవి కలిసిన ట్యాంకరంతా పారబోయాలి. నా ముక్కు మీద కౌంటీ అంతా నమ్మకం పెట్టుకుంది. ఒక వసంతంలో లాంబర్ట్ ఆవులు కంచె దాటి అడవి ఉల్లి మేశాయి. మూత తీయగానే గుప్పుమంది. వాడు నాకు బావ. అప్పటికి లవాన్ నాకు భార్యై మూడు నెలలు. "బావా, ఇవి ఎక్కించను" అన్నాను, మొహం మీదే. వాడు నా వైపు ఒక్క నిమిషం చూశాడు. తర్వాత తనే గొట్టం తిప్పి, రెండు రోజుల పాలు కాలవలోకి వదిలేశాడు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి పేకాటలో నన్ను చిత్తుగా ఓడించాడు. ఉల్లి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు విను. బ్యాలెట్ కవరు మీద సాక్షి సంతకం కింద సాక్షి పేరు, చిరునామా రాయాలి. ఓటు కవర్లు జమచేసుకునే మా టౌన్ క్లర్కు మర్లిస్ ఇర్మా హోటల్లో మా అందరికీ రెండుసార్లు చెప్పింది: "సాక్షి చిరునామా లేకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు, తర్వాత నా దగ్గర ఏడవకండి." నాకు బాగా తెలుసు. సంతకం పెట్టాను, పేరు రాశాను. చిరునామా దగ్గరికి వచ్చేసరికి, నీ ఓటు కొట్టేసేది బావా అన్న మాట చెవిలో మోగింది. పెన్ను ఎత్తేశాను. కవరు బోర్లా పెట్టి, "నర్సు చేత పోస్టులో వేయించు" అని చెప్పి వచ్చేశాను.

చేయి దానంతటది ఆగలేదు ఆర్డిస్. నేనే ఆపాను.

బయటపడినా ఎవరూ నన్నేమీ అనరు. ముసలాడు, మరిచిపోయాడంటారు. వయసు నాకు ఇన్నాళ్ళకి చేసిన సాయం ఇదొక్కటే, దాన్ని నేను ఇందుకు వాడుకున్నాను. ఇర్మా దగ్గర కూర్చుని, ఎన్నికల్లో మోసాల గురించి గోర్డీ కిటికీ పక్కనుంచి అరుస్తుంటే నా కప్పులో కాఫీ అలాగే చల్లారిపోతోంది. నిన్న వాడు "దొంగలంతా మీ బల్ల దగ్గరే ఉన్నారయ్యా" అన్నాడు, మామూలుగా అన్నట్టే. నేను లేచి వెళ్ళి, ఎవరి పేరూ ఎత్తకుండానే, అందరి కప్పులూ కడిగాను. ఇర్మా నా నుదురు పట్టుకుని చూసింది.

లాంబర్ట్ ఇంటికి వెళ్ళి పదకొండు రోజులైంది. జలుబు చేసింది, నీకు అంటుకుంటుందని ఫోనులో చెప్పాను. "సరేలే" అన్నాడు. వాడు తిట్టకుండా ఫోను పెట్టేయడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. రోజుకు నాలుగుసార్లు బండి తాళం తీస్తున్నాను. వాడి మలుపుదాకా పోయి, గోపురం మీద ఆ బోర్డు కనబడగానే వెనక్కి తిప్పుతున్నాను. మర్లిస్‌కి చెబితే ఆవిడ కవరు వాడికే తిరిగి పంపుతుంది, వాడికి తెలిసిపోతుంది. చెప్పకపోతే వాడి ఓటు చెత్తబుట్టలోకి పోతుంది. వాడి మనిషి గెలవకూడదని నాకింకా ఉంది. ఆ సంగతి దాచను.

ఏం చేయాలో నువ్వు రాయకు. రాసినా సమయానికి అందదు.

ఆరిన్

నవంబరు 4, సోమవారం

చెల్లాయి,

రేపే ఎన్నిక. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఎవరు గెలిచారో నీకు తెలిసే ఉంటుంది. నాకు ఇంకా తెలియదు కాబట్టి కాస్త ప్రశాంతంగా రాయగలుగుతున్నాను.

ఈ పొద్దున ఇర్మా హోటల్లో మర్లిస్ పక్కన కూర్చుని, ఎటో చూస్తూ అడిగాను. "లాంబర్ట్ కవరు వచ్చిందా?"

"రాలేదే. వాడి సంగతేంటో నేనే నిన్ను అడుగుదామనుకున్నా. అంత గోల చేసినవాడు ఓటే పంపలేదేం?" అంది.

పదిహేను రోజుల పైనే నేను మోస్తున్న పాపం అసలు పోస్టులోనే పడలేదన్నమాట. నాకు ఊపిరి తేలికపడాలి కదా. పడలేదు. పంపకపోతే నేను చేసిన పని పోయినట్టేనా? సూపు కూడా పట్టుకోకుండా నేరుగా వాడింటికి వెళ్ళాను.

వాడు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. "జలుబు తగ్గిందా?" అన్నాడు.

"జలుబు లేదు."

"తెలుసు. ఆ రొట్టెల డబ్బా తెరువు."

తెరిచాను. ఎండిపోయిన రై రొట్టె కింద కవరు ఉంది. నా సంతకం, నా పేరు, దాని కింద ఖాళీ.

"నువ్వు గుమ్మం దాటగానే తిప్పి చూశాను" అన్నాడు. "నర్సు వేస్తానంటే ఇవ్వలేదు. మర్లిస్‌కి ఫోను చేసి ఇంకో కవరు తెప్పించుకోవచ్చు, తెప్పించుకోలేదు. నువ్వు వస్తావో రావో చూద్దామనుకున్నా. పదకొండో రోజున జలుబన్నావు. ఇక రావనుకున్నా."

"కావాలనే వదిలేశాను బావా" అన్నాను. ఎనభై ఏళ్ళకి దగ్గర పడ్డ మనిషికి ఆ మూడు మాటలు అనడం ఎంత కష్టమో!

"అది కూడా తెలుసు. చిరునామా మరిచిపోయే మొహమా నీది? మంచులో, కళ్ళు మూసుకుని నూట పద్నాలుగు కొట్టాలకి ట్యాంకరు తోలినవాడివి." దిండు సర్దుకున్నాడు. "ఆ రోజు నా పాలు కాలవలో పోయించావు చూడు. నాకు కోపం రాలేదు. ఎందుకంటే మొహం మీద చెప్పావు. ఈసారి కవరు బోర్లా పెట్టి పోయావు. ఓటు పోతే పోయింది, నేను ఓటేసినవాడేం నాకు తమ్ముడా? ఆ బోర్లా పెట్టడం ఉంది చూడు, అదీ నన్ను తినేసింది."

కవరు మీది రొట్టె పొడి దులిపాను.

"పెన్ను తీసుకో" అన్నాడు. తీసుకున్నాను. నా వీధి పేరు, ఇంటి నంబరు రాశాను. అక్షరాలు చదవడానికి వీలుగానే వచ్చాయి. వాడు కళ్ళద్దాలు పెట్టుకుని, పాలు తనిఖీ చేసే అధికారిలా ఒక్కొక్క అక్షరం చూశాడు.

"లవాన్ సంగతి" అన్నాడు కవరు నా చేతికిస్తూ. "అది నేను కల్పించాను. చెల్లి నాకేమీ చెప్పలేదు. నిన్ను ఏడిపిద్దామని అన్నాను."

"నిజమేనా?"

"ఏం, వాసన చూస్తావా?"

ఆర్డిస్, నేను వాడి మొహం వంక చాలాసేపు చూశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు మూత తీసి చెడ్డవి కనిపెట్టిన ముక్కు ఇది. వాడు అప్పుడన్నది నిజమో, ఇప్పుడు నా మీద జాలిపడి చెబుతున్నది నిజమో, దేవుడి మీద ఆన, చెప్పలేకపోయాను. లవాన్ ఫొటో వంక చూశాను. తను పై ముక్క తింటోంది.

"మీ వాడు ఓడిపోతాడు బావా" అన్నాను తలుపు దగ్గర.

"మీ వాడు గెలిచినా మీకు ఓడినట్టే ఉంటుందిలే. పో, టైమైపోతోంది!"

మధ్యాహ్నం టౌన్ హాలుకు వెళ్ళాను. తుంటి విరిగినవాడి కవరు కాబట్టి ఇంకొకరు తేవచ్చట, మర్లిస్ అంది. ఆవిడ కవరు తిప్పి, ఓటరు సంతకం చూసింది, సాక్షి సంతకం చూసింది, చిరునామా మీద వేలు పెట్టి చదివింది. స్టాంపు కొట్టింది. రెండు గంటల పన్నెండు నిమిషాలు అని పడింది. పెట్టెలో వేసింది.

దారిలో ఆగి లాంబర్ట్‌కి రై రొట్టె ఒకటి కొన్నాను.

నీ అన్న,
ఆరిన్