ఇంట్లో ఎంతమంది ఉంటారు?

అక్కా,

ఎట్లున్నావని అడిగితే నవ్వుతావేమో... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి మొన్న ఆదివారానికి ఏడు నెలలు. చర్చి నుంచి వస్తూ నీ సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాను. చెప్పాలనుకున్నది నోటికి రాలేదు, అందుకే రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, జరిగినదాంట్లో తప్పు నా ఒక్కదానిదే కాదు. నీది కూడా ఉంది.

నువ్వు పోయిన రెండో నెలలో ఒక ఆదివారం, మిషన్ మీద జాకెట్టు కుడుతుంటే ఫోన్ మోగింది. ఎప్పుడూ చూడని నంబరు. ఎవరో ఆడమనిషి, ఇంగ్లిషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడింది. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది. ఎన్నింటికి బయటికి వెళతారని అడిగింది. మీ తలుపు ఏ రంగు అని కూడా అడిగింది. మెదక్‌లో కూర్చున్న నా తలుపు రంగు ఆమెకెందుకు?

పేరడిగితే చెప్పలేదు. నా నంబర్ ఎవరిచ్చారంటే, అది చెప్పకూడదు అంది. ఇంకెవరు మాట్లాడతారు అట్లా, దొంగతనానికి ఇల్లు కనిపెట్టేవాళ్లు కాకపోతే?

నా ఇంగ్లిషు సంగతి నీకు తెలిసిందే. కానీ అబద్ధం చెప్పడానికి సరిపోయింది. ఐదుగురం ఉంటాం, తమ్ముడు పోలీసు, కుక్కలు రెండు అని చెప్పి పెట్టేశాను. మర్నాడే తలుపుకు రెండో గడియ వేయించాను.

మళ్లీ ఆదివారం, అదే టైముకు ఫోన్. పోలీసు తమ్ముడు బాగున్నాడా, కుక్కలు ఏం తిన్నాయి అని. ఒక్కటీ మరిచిపోలేదు చూడు... ఊరికే ఫోన్ చేసేవాళ్లకు ఇంత జ్ఞాపకం ఎందుకుంటుంది? ఇక నాకు అందరి మీదా అనుమానమే. నర్సాపూర్ నుంచి కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె మాటిమాటికీ తలుపు వైపు చూస్తుంటే, పని ఎక్కువుందని పంపించేశాను. పాపం, వాన తగ్గిందా లేదా అని చూసిందేమో.

నాలుగో ఆదివారం ఆ నంబర్ బ్లాక్ చేశాను. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. "నీకు పాలపాకిట్ల గూడ దొంగనే కనవడ్తడే. మనింట్ల ఎత్కపోను ఏమున్నదని?" గుర్తొచ్చినా బ్లాక్ తీయలేదు.

మొన్న శనివారం నీ నల్ల బ్యాగు తెరిచాను. వియత్నాం నుంచి వచ్చాక నువ్వు కూడా సరిగ్గా సర్దుకోని బ్యాగు. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక, నాలుగు నెలలు అక్కడివాళ్లకు ఇంగ్లిషు మాట్లాడడం నేర్పి వస్తానని వెళ్లావు. జీతం లేదు, ఏమీ లేదు. వెళ్లే రోజు నేనేమన్నాను? ఉత్తపుణ్యానికి అంత దూరం ఎవరు పిలుస్తారు, ఇందులో ఏదో ఉంది అన్నాను.

బ్యాగులో నీ నోటుబుక్కు దొరికింది. చివరి పాఠం, పరీక్ష అని రాశావు. అసలు పరిచయం లేని మనిషికి ఫోన్ చేయాలి. ఇంటి సంగతులు అడుగుతూ పది నిమిషాలు మాట్లాడించాలి. తమ పేరు, టీచరు పేరు, నంబర్ ఎవరిచ్చారన్నది చెప్పకూడదు. కింద నీ దగ్గర నేర్చుకున్న ఆరుగురి పేర్లు. ఐదుగురికి నీ స్నేహితుల నంబర్లు, పక్కన మార్కులు. ఆరో పేరు లాన్. ఆస్పత్రిలో వంట చేస్తుందట, తల్లికి బాగాలేక పరీక్ష కొన్నాళ్లు ఆగి ఇస్తానందట. ఆమె పేరు ఎదురుగా నా నంబర్ ఉంది. మార్కు గడి ఖాళీ.

పక్కన తెలుగులో నీ రాత. "లాన్‌కు మొండితనం మస్తు. మా చెల్లెకు అనుమానం మస్తు. ఇద్దరికి మంచిగ కుదుర్తది."

నీ రాతేనా అని పాత ఉత్తరం పక్కన పెట్టి రెండుసార్లు చూశాను. నవ్వకు.

నాకొక మాట చెప్పి ఉంటే ఏమయ్యేది అక్కా? చెబుదామనే అనుకున్నావా? వచ్చాక పన్నెండు రోజులే ఉన్నావు. ఆ పన్నెండు రోజులూ, నా మాట వినకుండా వెళ్లావని అలిగి నేను సరిగ్గా మాట్లాడలేదు... ఇంత పని చేసుకున్నాను.

నువ్వు పోయావని అక్కడ ఎవరికీ చెప్పలేదు. నీ ఫోన్ ఆ రోజే ఆపి బీరువాలో పెట్టాను. టీచరు కూడా పలకడం లేదని లాన్ ఎన్నిసార్లు అనుకుందో...

బ్లాక్ తీశాను. ఈ ఆదివారం ఆమె చేయకపోతే నేనే చేస్తాను. పోలీసు తమ్ముడు లేడు, కుక్కలు లేవు అని చెప్పడం పెద్ద కష్టం కాదు. కానీ ఇంట్లో ఎంతమంది అన్నది కూడా దిద్దాలి కదా. ఈ ఏడు నెలల్లో కొత్తగా వచ్చిన పాలామె అడిగినా, సర్వేకు వచ్చినవాళ్లు అడిగినా, ఇద్దరమనే చెప్పాను.

లాన్‌కు మాత్రం ఒక్కదాన్నే అని చెబుతాను. ఎందుకని అడుగుతుంది, అడగకుండా ఉండదు. చెబుతాను. పది నిమిషాలు దాటినా ఫోన్ పెట్టను అక్కా.

నీ చెల్లె,
సుగుణ