కొత్త బొమ్మ చితెంజె

న్తొండొలో ఊరు,
గురువారం

నా బంగారు తల్లి తియామికెకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మమ్మ, మేకలు, అందరం కులాసా. బ్లాంటైర్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావని, వేళకు తింటున్నావని అనుకుంటాను. తినడం లేదని నీ చేతిరాతే చెబుతోంది. అక్షరాలు కూడా చిక్కిపోయాయి.

వాన పడిందా అని అడిగావు. ఆదివారం సాయంత్రం దంచి కొట్టింది, నేల మోచేతి లోతు తడిసింది. మొక్కజొన్న విత్తేశాను. అమ్మమ్మ మోకాళ్ల గురించీ అడిగావు. "తెల్లవాళ్ల జెండా దిగింది, మన జెండా ఎక్కింది, మొన్న పార్టీ కూడా మారింది. ఈ నొప్పి మాత్రం దిగనంటోందని రాయి" అంటోంది. రాశాను.

ఇక అసలు సంగతి. ఎవరో చెప్పగా నువ్వు వినడం కంటే నేనే చెప్పడం మేలు. వచ్చే శనివారం మీ చిన్నతాత ముంగిట నా మీద పంచాయితీ జరగబోతోంది. గ్రామపెద్ద కదా, సొంత అక్క కూతురైనా ఆయనకు తప్పదు. ఊరి ఆడవాళ్ల ముందుండి పాట ఎత్తే పని నా దగ్గర నుంచి తీసేస్తానంటున్నాడు. మంత్రుల ముందు పాడేదొక్కటే అయితే పీడా పోయిందనుకునేదాన్ని. ఆడపిల్లలు పెద్దమనుషులైనప్పుడు వాళ్లకు బతుకు నేర్పే పాటలు కూడా దాంతోపాటే పోతాయి. అవి మా అమ్మమ్మ నోటి నుంచి నా నోటికి వచ్చినవి. అందుకే సోమవారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

జరిగింది ఇది. వాన పడిన మరునాడే వంతెన తెరవడానికి మంత్రిగారు వచ్చారు. ఆయన ముందు ఆడి పాడడానికి ఆడవాళ్లను తీసుకెళ్లే లారీ తెల్లారేసరికి ఊళ్లోకి వచ్చింది. కొత్త పార్టీ కొత్త చితెంజె బట్టలు ముందే పంచింది. పాత బట్ట మీద పాత నాయకుడి బొమ్మ ఉండేది, దీని మీద కొత్తాయన బొమ్మ. కట్టుకునే నడుములు మాత్రం అవే. లారీ మీద ఒక కాలు పెట్టాక నాకు తడిసిన పొలం కనబడింది. మొదటి వాన పదును పోతే ఏడాదంతా నోరు కట్టుకోవాలి. కాలు దించాను.

"ఎక్కండి అత్తా, మంత్రిగారు మీకోసం ఆగుతారా?" అన్నాడు పార్టీ మనిషి.

"వాన మాత్రం ఆగుతుందా నాయనా? ఎక్కకపోతే ఏం చేస్తావు?"

అతను నవ్వాడు. "నేనేం చేస్తాను? కర్రల రోజులు పోయాయిగా. ఇష్టమైతే ఎక్కండి, లేదంటే ఇంటికి పొండి."

పాత పార్టీ కుర్రాళ్లు కర్రలు పట్టుకుని గడపగడపకూ వచ్చేవారు. వెళ్లి ఆడేవాళ్లం, ఇంటికొచ్చి వాళ్లను తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

నా పక్కన చప్పట్లు అందుకునే నాంబెవె లారీ మీది నుంచి అరిచింది. "నువ్వు దిగిపోతే పాట ఎవరెత్తుతారే?"

"నువ్వెత్తు."

"నేనెత్తితే మంత్రి వంతెన తెరవకుండానే పారిపోతాడు."

అందరూ నవ్వారు. నేను పార భుజాన వేసుకుని పొలానికి వెళ్లాను. లారీ సగమే నిండింది. మిగిలినవాళ్లూ ఎవరి పొలాలకు వాళ్లు పోయారు. వంతెన దగ్గర పాట మధ్యలో ఆగిపోయిందట, మంత్రి ముఖం మాడ్చుకున్నాడట. సాయంత్రం మీ చిన్నతాత ఇంటికే వచ్చాడు.

"తెల్లవాడు పోయాడు, ఆ పార్టీ పోయింది. ఇంకా ఎవరి మీదే నీ తిరుగుబాటు?" అన్నాడు.

"నా మీదే మామా" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. జరిమానా కింద ఒక కోడిని పట్టుకొచ్చి, శనివారం అందరి ముందూ తప్పు ఒప్పుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

నీకైనా అర్థం కావాలి కాబట్టి ఇంతసేపూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. "మా అమ్మ ధైర్యవంతురాలు" అని మురిసిపోకు. ఆ తెల్లవారుజామున నన్నెవరూ పిలవలేదు. మంత్రి వస్తున్నాడని విన్నాను, అంతే. చితెంజె నేనే కట్టుకున్నాను. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను నేనే లేపాను. అందరికంటే ముందు రోడ్డు మీద నిలబడింది నేనే. కర్ర పట్టుకున్న కుర్రాడు ఊళ్లోంచి పోయి నా లోపల కాపురం పెట్టాడు. వాణ్ని ఏ ఎన్నికలూ దించలేవు, నేనే వెళ్లగొట్టాలి. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

మీ ఆసుపత్రిలో పెద్ద నర్సు అడగకపోయినా మీ కొత్త నర్సులంతా సెలవురోజు వెళ్లి ఆమె బట్టలు ఉతుకుతున్నారని, అది ఆపమంటూ చిన్నతాత చేత ఆమెకు ఒక ఉత్తరం రాయించమని అడిగావు. రాయించను తల్లీ. ఉతకడం మానాల్సింది నీ చేతులే, ఎవరి ఉత్తరమూ కాదు. కోపం తెచ్చుకోకు.

శనివారం మీ చిన్నతాతను మోకాళ్ల మీద కూర్చునే పలకరిస్తాను. పెద్దవాడు, అది మన మర్యాద. తర్వాత లేచి నిలబడి, బట్ట నేనే కట్టుకున్న సంగతి అందరికీ చెబుతాను. కోడిని తీసుకెళ్లను. పాట తీసేస్తే ఏడుస్తాను, అయినా తప్పయిందని అనను. నువ్వు బస్సెక్కి రావద్దు. వచ్చే ఏడు పాట నేర్చుకోవాల్సిన ఆడపిల్లలు ఆ ముంగిట్లోనే కూర్చుంటారు. నన్ను నేర్పనివ్వకపోయినా, నేను నిలబడి మాట్లాడటం చూస్తారు.

ఇట్లు,
చేతులకింకా మట్టి వదలని మీ అమ్మ,
ఎనెలెసి